ఎడమ కిటికీ

విమానంలో ఏ వైపు కూర్చోవాలో చెప్పకుండా మా అనంతపద్మనాభం గారు ఎవరికీ టికెట్టు ఇచ్చిన పాపాన పోలేదు. ఫిల్మ్‌నగర్‌లోని మా సినిమా ఆఫీసుకు ఆయన ప్రొడక్షన్ మేనేజరు, నేను కో-డైరెక్టర్ని.

"పొద్దుటి చెన్నై విమానమా? కుడి వైపు కూర్చో. ఎడమ వైపు ఎండ మొహం మీద కొడుతుంది. రెక్క మీది వరుస మాత్రం వద్దు."

"నేను ఎక్కగానే నిద్రపోతానండీ."

"నిద్రపోయేవాడికి కిటికీ దేనికయ్యా?" అని నా సీటు నిజంగానే ఇంకొకరికి మార్పించారు.

మా హీరోగారి తండ్రి పోయినప్పుడు మరీ ఘోరం. హీరోగారు అస్థికలతో కాశీకి బయలుదేరుతుంటే అందరం తలలు వంచుకుని నిలబడ్డాం. పద్మనాభం గారు హీరోగారి చెవి దగ్గరకు వెళ్ళి, "బాబూ, దిగేటప్పుడు గంగ ఎటు కనిపిస్తుందో కనుక్కుని ఉంచాను" అన్నారు. ఈయన్ని హీరోగారి జూబ్లీహిల్స్ బంగళా గేటు దాటించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఈ మనిషికి సమయం సందర్భం లేవని ఆ రోజే తీర్మానించుకున్నాను.

తర్వాత వైజాగ్ షూటింగులో బాలనర్సయ్య పోయాడు. కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టు. ఊరి జనం గుంపులో ఎప్పుడూ రెండో వరుసలో నిలబడే మనిషి. టిఫిను తిని గొడుగు కింద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. అదే గుంపులో ఉన్న భార్య కొమురమ్మ వేషం చీరతోనే ఆసుపత్రికి పరుగెత్తింది. మర్నాడు మధ్యాహ్నం విమానంలో ఆమెనూ, శవం ఉన్న పెట్టెనూ హైదరాబాదు చేర్చే పని నాకు పడింది.

ఎయిర్‌పోర్టులో ఉండగా పద్మనాభం గారి ఫోను.

"కొమురమ్మకి ఎడమ కిటికీ ఇప్పించు."

నాకు ఒళ్ళు మండింది. "మొగుడు పోయిన మనిషికి కిటికీ గోలేంటండీ?"

"కుడి వైపు మాత్రం కూర్చోబెట్టకు."

"మధ్యాహ్నం వైజాగ్ నుంచి వస్తే ఎడమ వైపు ఎండ అని పదేళ్ళుగా చంపుతున్నది మీరే కదా!"

"ఎండైతే ఎండ. నా మాట విను, బాబ్బాబు."

ఠక్కున పెట్టేశాను. కానీ ఆయన బతిమాలగా ఎన్నడూ వినలేదు. అందుకని తిట్టుకుంటూనే కౌంటరులో అడిగాను. ఎడమ వైపు కిటికీ ఒక్కటే మిగిలింది, ఆమెకిచ్చారు. నాకు కుడి వైపు కిటికీ వచ్చింది.

ఎక్కి కూర్చుని బయటికి చూశాను. ఆ విమానానికి సామాను తలుపు కుడి వైపున, సరిగ్గా నా కిందే ఉంది. సూట్‌కేసుల వెనకే బాలనర్సయ్య పెట్టె వచ్చింది. ఇద్దరు మనుషులు దాన్ని బెల్టు మీదికి ఎత్తారు. మధ్యలో ఒక మూల తగిలి ఆగిపోతే ఒకతను భుజం ఆనించి తోశాడు. వాళ్ళ తప్పేం లేదు, బరువు. ఏ వైపు నుంచి ఏం కనిపిస్తుందో ఇన్నేళ్ళుగా కూడబెట్టుకున్న మనిషికి ఇది తెలియకుండా ఉంటుందా? ఫోనులో నేనన్న మాటలు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

అటు వైపు కొమురమ్మ కిటికీకి నుదురు ఆనించి కూర్చుంది.

శంషాబాద్‌లో దిగాక అడిగింది. "సారూ, మా ఆయన్ని ఎప్పుడెక్కించిన్రు? కిటికీలకెల్లి చూస్తనే ఉన్న, కనబడలే. పైకి పోయినంక గూడ అన్నీ మబ్బులే."

"మంచిగానే ఎక్కించారమ్మా" అన్నాను.

మర్నాడు ఆఫీసులో పద్మనాభం గారు కాగితాల్లోంచి తల ఎత్తకుండా అడిగారు. "ఏం కనిపించిందట ఆవిడకి?"

"మబ్బులండీ."

"ఒట్టి మబ్బులేనా?"

"ఒట్టి మబ్బులే."

"హమ్మయ్య" అని కుర్చీలో వెనక్కి వాలారు. అంతలోనే అనుమానం వచ్చింది. "నువ్వెటు కూర్చున్నావు?"

"కుడి కిటికీ అండీ."

నా మొహంలోకి చూశారు. "కిటికీకి తెర పెట్టింది దించుకోవడానికేనయ్యా, దద్దమ్మా!" అని కసిరి, నాకు టీ తెప్పించారు.