సింగూరు నీళ్ళ మీద రెండు కెమెరాలు

పెళ్ళిళ్ళ వీడియోలు తీసి బతికే నన్ను నీళ్ళ మీదికి పంపింది మా అక్క. ఆమె కూతురు స్రవంతి హైదరాబాదులో వాటర్ స్కీయింగ్ నేర్చుకుంటూ సెలవులకు జహీరాబాద్‌లో ఇంటికి వచ్చింది. శిక్షణ శిబిరంలో ఒక్క చోటే మిగిలిందనీ, నీళ్ళలో ఆరు గుర్తులను వరుసగా చుట్టి వచ్చే వీడియో మర్నాడు సాయంత్రంలోగా పంపితే ఆలోచిస్తాననీ కోచ్ చెప్పాడట. "నువ్వు గాక ఎవరున్నరురా మాకు" అంది అక్క. ఆ మాటకు పడిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు.

పొద్దున ఆరింటికి లింగంపల్లిలో బస్సెక్కాను. కిటికీ సీటు దొరికింది గానీ కిటికీ తెరుచుకోలేదు. కెమెరాల సంచి ఒళ్ళో, స్టాండు కాళ్ళ మధ్య. పక్కన కూర్చున్న కోహీర్ పెద్దాయన స్టాండు చూసి, "షాదీ ఎక్కడ సాబ్?" అన్నాడు. షాదీ కాదు, పడవ వెనక తాడు పట్టుకుని నీళ్ళ మీద జారే అమ్మాయిని తీయడానికని చెప్పాను.

"తాడెందుకు, పడవలనే కూసోవచ్చు గద" అన్నాడు.

నేను విడమరిచి చెప్పేకొద్దీ ఆయనకు ఆ అమ్మాయి మీద జాలి పెరిగింది. కోహీర్ చౌరస్తాలో దిగుతూ, "జర కూసోబెట్టున్రి ఆ పిల్లను" అని నాకు అప్పగించి పోయాడు.

తొమ్మిదింటికి జహీరాబాద్. బస్టాండు ఎదుట ఇడ్లీ తిన్నాను. చట్నీ బాగుంది, ఇడ్లీ గురించి ఏమీ అనను. సింగూరు వైపు పోయే రాయికోడ్ బస్సు ఇప్పుడే వస్తుందని ముగ్గురు చెప్పారు, బస్సు మాత్రం రాలేదు. చివరికి ఆటోలో ఒళ్ళు హూనం చేసుకుని సింగూరు డ్యామ్ నీళ్ళ ఒడ్డుకు చేరేసరికి పదకొండు దాటింది.

అక్కడ పిక్నిక్ వాళ్ళను తిప్పే మోటారు పడవ శంకరప్పది. ఆయనా స్రవంతీ కలిసి ఆరు ఎర్ర ప్లాస్టిక్ డబ్బాలను రాళ్ళకు కట్టి నీళ్ళలో వదిలారు. కెమెరాలు బిగించడానికి నేను మోసుకొచ్చిన క్లాంపుల్లో ఒక్కటీ ఆ పడవకు పట్టలేదు. ఒకటి వదులు, ఒకటి ఇరుకు. ఇక సైకిల్ ట్యూబు కోసి చుట్టి, తాడు కట్టే నిలువు గొట్టానికి ఒక కెమెరా వెనక్కి చూసేలా బిగించాం. రెండోది పడవ అంచుకు. తడవకుండా రెండింటినీ గాజు ముఖం ఉన్న పెట్టెల్లో పెట్టాను. అలా పెట్టాక తెర కనబడదు. ఎర్ర దీపం వెలిగితే నడుస్తోందని నమ్మడమే. జొన్న రొట్టె తినడానికి కాసేపు ఒడ్డెక్కి వచ్చాను.

పడవ కదిలింది. స్కీయింగ్ చేసేవాళ్ళు పడితే కేకేయడానికి ఒక మనిషి వెనక్కి తిరిగి కూర్చోవాలట. ఆ మనిషిని నేనే. కెమెరా నా తల వెనక. స్రవంతి మొదటిసారి మూడో డబ్బా దగ్గర పడింది, తర్వాత అయిదో దాని దగ్గర. మూడోసారి ఒక్కో డబ్బానూ ఒరుసుకుంటూ, భుజం నీళ్ళకు తగిలేంతగా వాలి, ఆరూ చుట్టేసింది. ఆమెకు ఆరు రావడం అదే మొదలు. నేను కేకేస్తే శంకరప్ప పడిందనుకుని పడవ ఆపేశాడు.

ఒడ్డుకొచ్చి పెట్టె తెరిచాను. అంచు కెమెరా మొదటి మలుపులోనే తల వాల్చేసి అంతసేపూ నా చెప్పులను తీసింది. గొట్టం కెమెరాలో మూడు తెల్లటి విభూతి పట్టెలు, నడుమ ఎర్రగా బొట్టు. స్రవంతి ఆ పక్క నుంచి వస్తుంది, బొట్టులో మాయమవుతుంది, మసగ్గా ఈ పక్క తేలుతుంది. కొత్త మిషన్ ఏది పడవెక్కినా శంకరప్ప పూజ చేయందే నీళ్ళలోకి దింపడట. నేను రొట్టె తింటున్నప్పుడు ఆ పని కానిచ్చాడు.

"గాజుకే పెట్టాల్నా?" అన్నాను పళ్ళు కొరుకుతూ.

"మొఖానికి గాక బొట్టు ఏడ పెడ్తరు సార్?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. అందుకే ఇంకా మండింది.

గాజు తుడిచి మళ్ళీ వెళ్ళాం. అరచేతులు బొబ్బలెక్కిన పిల్ల నాలుగు దాటలేకపోయింది. గాలి లేచి నీళ్ళు కదలడంతో శంకరప్ప ఇక వద్దన్నాడు. స్రవంతి ఆ బొట్టు వీడియోనే కోచ్‌కు పంపింది.

సాయంత్రం జహీరాబాద్‌లో తిరుగు బస్సెక్కాను. ఇలాంటి పనికి పోయేవాళ్ళకు నేను చెప్పేదొకటే: క్లాంపులు నమ్మకండి, పూజ దగ్గరుండి చేయించండి. సదాశివపేట దగ్గర స్రవంతి ఫోన్ చేసింది.

"మామా, కోచ్ సార్ చూసిండు. 'బొట్టెనక ఏమైందో నాకు తెల్వది, ఆదివారం వచ్చి నా ముందల చెయ్యి, గప్పుడే చెప్త' అన్నడు."

ఆ ముక్క నిన్ననే అనుంటే నా నడుము మిగిలేది. తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో ఆమే అడిగింది.

"నిజంగ ఆరు చుట్టిన్నా మామా? ఆ వీడియో చూస్తే నాకే నమ్మబుద్ధయితలేదు."

ఇరవై ఏళ్ళుగా ఎన్ని పెళ్ళిళ్ళు తీశానో, ఒక్క ముహూర్తమూ ఉత్త కళ్ళతో చూడలేదు. అన్నీ కెమెరా కంట్లోంచే. ఇవాళ తెర లేదు గనుక ఆ పిల్లనే చూస్తూ కూర్చున్నాను. ఆరో డబ్బా తిరిగినప్పుడు ఆమె మొహం ఎలా వెలిగిందో నాకు తెలుసు.

"చుట్టినవ్ బిడ్డా. నేను చూసిన" అన్నాను. "ఆదివారం గూడ వస్త. కెమెరా తేను."