జాలరి అని రాసిన కాగితం

ధనశ్రీది జాలరిపేట. కాలేజీలో మాత్రం రెండేళ్లుగా పెదవాల్తేరు అని చెప్పుకుంటోంది. అమ్మ పైడితల్లి చేపలమ్మే సెంటరు తప్పించుకోవడానికి ఒక స్టాపు ముందే బస్సు దిగి, సందుల్లోంచి తిరిగొచ్చే పిల్ల. ఎవరైనా చూస్తే ఏమవుతుందో తనకే తెలియదు. భయం మాత్రం నిండా ఉంది.

ఆ రోజు వీరేంద్ర అనే పరిశోధకుడు క్లాసుకొచ్చి కాగితాలు పంచాడు. మైనారిటీ, వెనకబడిన వర్గాల పిల్లలు తామెవరో ఎంతవరకు తెలుసుకున్నారో కొలుస్తాడట. పన్నెండు టిక్కులు పెడితే మనిషెవరో తేలిపోతుందట, ఎంత సుఖం! పేర్లు అక్కర్లేదు, కులమో మతమో రాస్తే చాలన్నాడు. ధనశ్రీ మోచెయ్యి అడ్డం పెట్టుకుని 'జాలరి' అని రాసింది. 'మీవాళ్లతో మీకు అనుబంధం ఉందా?' లాంటి ప్రశ్నలన్నిటికీ 'అస్సలు లేదు' దగ్గర టిక్కు పెట్టి, మడిచి ఇచ్చేసింది.

అప్పుడు కిటికీ రెక్క టపామని కొట్టుకుంది. బయట గాలి పెరిగింది. తెల్లవారుజామున వేటకెళ్లిన నాన్న కన్నబాబు, తను ఇంట్లోంచి బయల్దేరేసరికి ఇంకా ఒడ్డుకు చేరలేదు.

మనిషి సముద్రం మీద ఉన్నంతసేపూ వాళ్లింట్లో ఎవరూ 'లేదు' అనరు. ఉప్పు లేకపోతే నిండుకుందంటారు. వెళ్లిన మనిషి ఇంకా రాకపోతే 'వస్తాడు' అంటారు, అంతే. తను పన్నెండుసార్లు లేదని పెట్టింది, అదీ తనవాళ్ల గురించి.

చదువుకున్న పిల్ల ఇవన్నీ నమ్ముతుందా అని ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్ల నాన్న ఒడ్డునే ఉంటాడు.

లేచి నిలబడింది. "సార్, నా పేపరు ఓపాలి ఇచ్చీండి. మార్సాలి."

"పేర్లు లేవు కదమ్మా. ఈ నలభైలో నీదేదో ఎలా తెలుస్తుంది?"

క్లాసంతా తిరిగి చూసింది. పక్కనున్న స్నేహితురాలు రోజారమణి చెయ్యి పట్టి లాగింది. "కూకోవే, ఏటైంది నీకు?"

ధనశ్రీ చెయ్యి విడిపించుకుంది.

"జాలరి అని రాసుంటాది సార్. అదే నాది."

రెండేళ్ల రహస్యం అంతటితో అయిపోయింది. ఎవరు నవ్వారో, ఎవరు నవ్వలేదో ఆమె చూడలేదు. కాగితం వెనక్కి తీసుకుని పన్నెండు టిక్కులూ కొట్టేసి 'చాలా ఉంది' దగ్గర పెట్టి, వరండాలోకి పరుగెత్తి అమ్మకు ఫోన్ చేసింది.

"అమ్మా, నాన్నొచ్చీసినాడా?"

అవతల గాలి హోరు. అందులోంచి పైడితల్లి గొంతు వినిపించింది.

"వత్తాడమ్మా."