వంగిన వీపు మీద వేసిన కారు

మా వీధి చివర బైకుల షెడ్డులో చక్రాల్లేని పాత బైకు ఒకటి దిమ్మకి బిగించి ఉంటుంది. అది అమ్మడానికీ కాదు, బాగుచెయ్యడానికీ కాదు. మంటలక్క కొలతలు తీసేది దాని మీదే.

ఒకప్పుడు ఆమె ఈ షెడ్డులోనే, వాళ్లన్న బాగుచేసిన బళ్ల పెట్రోలు ట్యాంకుల మీద సన్నగీతలూ మంటలూ వేసేది. ఎవరూ నేర్పలేదు. గీత వంకరపోతే తుడిచి మళ్లీ వేసేది, అంతే. ఒకరోజు ఎవరో నూనె మరకల జీన్స్ కోటు తెచ్చి, "దీని వెనక కూడా ఓ మంట పడెయ్యక్కా" అన్నారు. అక్కణ్నుంచి ట్యాంకులు తగ్గి కోట్లు పెరిగాయి. కొత్త కోటు తెస్తే మాత్రం తిప్పి పంపేస్తుంది. "బాగా తొడిగి అరగదీసి తీసుకురా. కొత్తగుడ్డ రంగు పట్టదు" అంటుంది.

కోటు తొడుక్కుని, దిమ్మ బైకెక్కి, హ్యాండిల్ పట్టుకుని కూర్చోవాలి. అప్పుడు వీపు మీద సుద్దతో గురుతులు పెడుతుంది. బండి నడిపేవాడి కోటుని చూసేది వెనక వచ్చేవాడు కాబట్టి, బొమ్మ బల్ల మీద కాదు, బండి మీద కుదరాలని ఆమె లెక్క.

ఆ లెక్క ఒక్కసారి తిరగబడింది. అదీ సొంత వదిన దగ్గర.

వదిన దర్జీ. ఇన్నేళ్లూ మొగుడి వెనక కూర్చుని తిరిగిన మనిషి, మనవరాలు పుట్టాక "ఇక నేనే నడుపుతా" అని బండి పట్టింది. ఆదివారం స్నేహితులంతా కలిసి వెళ్లే షికారు ఆమెకి మొదటిది. దానికోసం అన్న తన కుర్రతనం నాటి కోటు ఇచ్చాడు. పాత కారుని విప్పి, పెద్ద ఇంజనెక్కించి, మంటల రంగేసి నడిపిన రోజుల కోటు. కారు ఎప్పుడో పోయింది. అలాంటి కార్లని అద్దాల మీదుగా అడ్డంగా కోసి, పైకప్పుని కిందికి దించి మళ్లీ అతికిస్తారు. ఆయనకీ ఆ కోరిక ఉండేది. "మరి నా తల ఎక్కడ పెట్టుకోను?" అని అప్పట్లో వదిన కొయ్యనివ్వలేదు.

"వదులుగా ఉంది, పక్కలు కోసి బిగిస్తా" అంది వదిన, కోటు చూసి.

"కత్తెర తగిలిందో, మీ ఇద్దరితోనూ మాట్లాడను" అన్నాడు అన్న.

వదిన దిమ్మ బైకెక్కింది. ముడుచుకుపోయి, హ్యాండిల్‌ని కావలించుకున్నట్టు కూర్చుంది.

"భుజాలు దించు వదినా, అది కరవదు."

"ఇది కరవదు. రోడ్డు మీదది కరుస్తుంది."

మంటలక్క నవ్వి, ఆ వంగిన వీపుకే సుద్ద పెట్టింది. అన్న పాత కారే వేసింది, దానికి మంటలు వేసింది, లోపలివైపు నుంచి ఇస్త్రీ చేసి రంగుని గట్టిపరిచింది.

ఆదివారం పొద్దున స్నేహితులంతా షెడ్డు ముందు చేరాక వదిన బండెక్కింది. ఈలోగా రోజూ నడిపి ధైర్యం వచ్చింది కాబట్టి నిటారుగా కూర్చుంది. వంగినప్పుడు చాలిన గుడ్డ ఇప్పుడు మిగిలిపోయి, వీపుకి అడ్డంగా పెద్ద మడత పడింది. కారు నడుము విరిగింది.

"ఏ గోడకి గుద్దారమ్మా?" అన్నారు ఎవరో. అందరూ నవ్వారు, అన్న తప్ప.

వదిన మొహం చిన్నబోయింది. "పోనీలే, వంగే నడుపుతా."

"వద్దు వదినా. నువ్వు భయపడ్డ రోజు కొలత తీశాను. తప్పు నాది."

మంటలక్క ఆ మడతని వేళ్లతో పట్టి లోపలికి నొక్కింది. అద్దాలు సగం మాయమై, పైకప్పు కిందికి దిగింది. అన్న దగ్గరికొచ్చాడు.

"అలాగే పట్టుకో, వదలకు" అని చెల్లెలికి చెప్పి, వదిన వైపు తిరిగాడు. "ఏమే, కత్తెర తే."

"ఏంటీ?"

"అప్పుడు కొయ్యనిచ్చావు కాదుగా. ఇప్పుడు నువ్వే కొయ్యి."

"మరి నా తల?"

"బయటే ఉందిగా! హెల్మెట్ పెట్టుకో."

వచ్చినవాళ్లంతా ఇంజన్లు ఆపేసి చుట్టూ చేరారు. వదిన మిషను షెడ్డులోకి తెప్పించి, మధ్యలో వెడల్పుగా, పక్కలకి సన్నగా అద్దాల మీదుగా కోసి కుట్టింది. ఆ కుట్టు మీద మంటలక్క పొడుగు కుంచెతో ఊపిరి బిగబట్టి ఒక్క వెండిగీత లాగింది. అచ్చం వెల్డింగు చేసిన అతుకే.

అప్పట్నుంచీ కొత్తగా బండి నేర్చేవాళ్లకి మంటలక్క వెంటనే సుద్ద పెట్టదు. "భయం తీరాక రా" అంటుంది.

ఆరోజు వదిన ముందు నడిపింది. అన్న వెనకే, చెల్లెల్ని ఎక్కించుకుని.

"అన్నా, ఇంత నెమ్మదా? వదినని దాటిపోవేం?"

"దాటితే కారు కనపడదే!"