మగ్గం గుంతలో భూకంపం

పెళ్లయిన కొత్తలో ధర్మవరంలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన హోమ్ థియేటర్ స్పీకర్లు కొన్నాడు గానీ, బేసు మోగించే వూఫర్‌కు సరైన పెట్టె కొనే స్తోమత లేకపోయింది. ఆ ఇంట్లో నేతగాళ్లు కాళ్లు దించుకునే పాత మగ్గం గుంత ఉంటే, వూఫర్‌ను అందులో దించాడు.

"పెట్టె యాల? బేసు ఎట్ల అదురుతాదో సూడు!" అంటూ సౌండు పూర్తిగా పెంచాడు.

నిజంగానే అదిరింది. అలమరలోని స్టీలు గిన్నెలన్నీ దడదడా కింద పడ్డాయి.

"భూకంపమొచ్చినాది, బయటికి రాండప్పా!" అని పక్కింటి అవ్వ కేకేసింది.

వీధంతా బయటికి పరుగెత్తింది. అందరికంటే ముందు మా ఆయనే! నన్ను పిలవాలని కూడా తోచలేదు మహానుభావుడికి. నేను స్విచ్ కట్టేశాను. భూకంపం ఆగిపోయింది.

ఇప్పటికీ స్పీకర్లు కొనేవాళ్లకు ఆయన సలహాలిస్తుంటాడు. వాళ్ల భార్యలకు నా సలహా ఒక్కటే: స్విచ్ ఎక్కడుందో మీరే చూసిపెట్టుకోండి.