రజియా మేడమ్ కోపం

అక్రిలిక్ ద్రావణం సీసా మూత తీస్తే ఆ ఘాటు ఇప్పటికీ నేరుగా నుదుట్లోకి ఎక్కుతుంది. కళ్ళు చెమరుస్తాయి. ఆ క్షణంలో నేను అనంతపురంలో రజియా మేడమ్ క్లినిక్ వెనక గదిలో ఉంటాను. ఆవిడ కట్టుడు పళ్ళ డాక్టరు. నేను ధర్మవరంలో మగ్గం నేసే ఇంటి నుంచి వచ్చి, ఆ గదిలో పళ్ళు తయారుచేసే పని నేర్చుకున్నవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. ఆవిడను ఎరగనివాళ్ళకు ముందుగా చెప్పాల్సింది ఆవిడ కోపం గురించే.

పామిడి దగ్గరి పల్లె నుంచి లక్ష్మీదేవమ్మ అనే రైతు వచ్చింది. కాన్సరని పై దవడ ఒకవైపు తీసేశారు. అంగిట్లో రంధ్రం మిగిలింది. నీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేవి, మాట గాలిగా పోయేది. ముఖం మీంచి కొంగు తీయలేదు. భర్తే మాట్లాడాడు. "ఎవురి ముందరా తినదు మేడమ్. గొడ్ల కొట్టంలో కూర్చోని తింటాది. యాడాదైంది."

ఆ రంధ్రాన్ని మూసే పళ్ళ ప్లేటు చేయాలంటే ముందు నోటి అచ్చు తీయాలి. రేడియేషన్ తర్వాత ఆమె దవడలు బిగుసుకుపోయాయి. నోరు వేలు పట్టేంతే తెరుచుకునేది. అచ్చు తీసే ట్రే లోపలికి పోలేదు. వాళ్ళను బయట కూర్చోబెట్టాక నేను, "ప్రాణం మిగిలింది కదా మేడమ్, ఇంకేం చేస్తాం?" అన్నాను.

"ఈ పూట నువ్వు తినే సంగటి నీ ముక్కులోంచి కారనీ నాగరాజూ. అప్పుడు చెబుదువు, ప్రాణం మిగిలిందని."

ఆ సాయంత్రం నుంచే వేరే దారి కోసం వాకబు మొదలుపెట్టారు.

వాహనాల విడిభాగాలకు కంప్యూటర్ బొమ్మను బట్టి పొరలు పొరలుగా నమూనాలు చేసే వర్క్‌షాపు బెంగళూరులో ఉందని మేడమ్ తెలుసుకున్నారు. తల స్కాన్ చిత్రాలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే దవడకూ అలాంటి నమూనా వస్తుంది. నోరు తెరిపించే బాధ ఉండదు. కానీ దానికి ఫిల్ములు పనికిరావు, డిస్కు కావాలి. లక్ష్మీదేవమ్మను వెంటబెట్టుకుని, ఆమెకు అంతకుముందు స్కాన్ తీసిన సెంటర్‌కు వెళ్ళాం. అక్కడి అతను తల కూడా ఎత్తలేదు. "ఫిల్ములిచ్చినాం కదా. కంప్యూటర్లో జాగా లేక చెరిపేసినాం."

"నువ్వు చెరిపింది ఆమె నోరప్పా," అన్నారు మేడమ్. "మళ్ళీ తియ్యి. తీసేదాకా ఈడనే కూర్చుంటా."

కూర్చున్నారు. మధ్యాహ్నం దాటాక తీశారు.

బెంగళూరు నుంచి ప్లాస్టిక్ దవడ వచ్చింది. దాని రంధ్రంలో నా బొటనవేలు పట్టింది. ఆ రోజు నేనన్న మాటకు అప్పుడు సిగ్గేసింది. ఆ చిన్న నోట్లోకి పోయేలా ప్లేటును రెండు ముక్కలుగా చేశాను, లోపల అయస్కాంతాలతో అతుక్కునేటట్టు. మొదటిసారి అది ఒరుసుకుని పుండైంది. నమూనా ఎముకను చూపింది గానీ కండను చూపలేదు మరి. అరగదీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ అరగదీశాం. మూడోసారి మేడమ్ ఆమె చేతికి నీళ్ళ గ్లాసిచ్చారు. తాగింది. మేమంతా ఆమె ముక్కు వైపే చూస్తున్నాం.

"ఏమట్ల సూస్తాండారు అందురూ?" అంది లక్ష్మీదేవమ్మ. ప్రతి అక్షరమూ వినబడింది. భర్త గోడ వైపు తిరిగి నిలబడిపోయాడు.

నేను సంబరపడుతుంటే మేడమ్ ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఉత్తరం రాస్తూ కనిపించారు. "కోసే ముందు ఒక్క అచ్చు తీసుంటే, కుట్లు వేసిన రోజే రంధ్రం మూసే ప్లేటు పెట్టుండచ్చు. కాసేపటి పని. ఆ కాసేపు లేక ఈమె యాడాది గొడ్ల మధ్య తినింది." జవాబు రాలేదు. మళ్ళీ రాశారు. బతికున్నన్నాళ్ళూ, ఇలాంటి రోగి వచ్చినప్పుడల్లా రాశారు.

ఇప్పుడు నా ల్యాబులో నోటిని కొలిచే స్కానరుంది, నమూనాలు పోసే యంత్రముంది. అయినా మనుషులు కోత అయ్యాకే, ముఖానికి గుడ్డ కట్టుకుని వస్తున్నారు. పోయిన వారం ఒకాయన వచ్చాడు. ముందుగా ఎందుకు పంపలేదని ఫోన్‌లో అడిగితే, "బతికించాం కదండీ" అన్నాడు సర్జన్. ఒకప్పుడు నేనూ అన్న మాటే అది. అందుకే ఉత్తరంతో సరిపెట్టబుద్ధి కాలేదు. రేపు పొద్దున ఆ ఆసుపత్రికి నేనే పోతున్నాను.