కుడి భుజం అరంగుళం

1992లో నా షర్టుల దుకాణం ఫిల్మ్‌నగర్‌కు ఎక్కే రోడ్డు మొదట్లో ఉండేది. ముందు గదిలో నిలువుటద్దం, బట్టల బీరువా, కొలతలు తీసుకునే చోటు. వెనక గదిలో కటింగ్ బల్ల, మూడు మిషన్లు. మధ్యలో ఒక పచ్చ పరదా. మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుని హైదరాబాదు వచ్చేస్తున్న కాలం. చుట్టుపక్కల ఇళ్లకంటే బండరాళ్లే ఎక్కువ. కానీ ఆ కొద్ది ఇళ్లలో ఉన్నవాళ్లకు రెడీమేడ్ షర్టు తొడుక్కోవడం నామోషీగా ఉండేది. నేను ప్యాంట్లు కుట్టేవాణ్ణి కాదు. షర్టులే, అందులోనూ ఫుల్‌హ్యాండ్ డ్రెస్ షర్టులే ఎక్కువ.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగిలినదంతా గ్రంథాలయంలో చదువుకున్నాను. మోతీనగర్‌లో నా గదికి దగ్గరగా ఉన్న శాఖా గ్రంథాలయంలో వైద్యం, చరిత్ర, డిటెక్టివ్ నవలలు, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. ఒకసారి అక్కడ షర్టు కటింగ్ మీద బొమ్మలతో ఉన్న ఇంగ్లీషు పుస్తకం కనబడింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు నెలలు కూర్చుని మొత్తం నోటుబుక్కులోకి దించాను. కస్టమర్ మడమలు కలిపి, గడ్డం ఎత్తి, నిటారుగా నిలబడితేనే కొలత సరిగ్గా వస్తుందని అందులో ఉంది. దాన్ని పోశ్చర్ అంటారు, అంటే నిలబడే తీరు.

అప్పటిదాకా కొలతలు గౌస్ మాస్టరే తీసేవారు. కటింగ్ కూడా ఆయనదే. దుకాణం తెరిచిన రోజు నుంచీ నా దగ్గరే ఉన్నారు. అప్పటికి ఆయన వయసు యాభై ఎనిమిది. కస్టమర్‌కు చాయ్ ఇచ్చి, పిల్లల సంగతీ ఊరి సంగతీ అడుగుతూ, వాళ్లు అటూ ఇటూ తిరుగుతుండగానే టేపు వేసేసేవారు. పుస్తకం చదివాక నాకది పద్ధతి లేని పనిగా కనబడింది. ఇక మీదట కొలతలు నేను తీస్తాను, మీరు లోపల కటింగ్ చూసుకోండి అని చెప్పాను. ఆయన టేపు తీసి నా చేతికిచ్చి పరదా వెనక్కి వెళ్లిపోయారు.

ఆ ఏడాది వేసవిలో ప్రభాకర్ గారు వచ్చారు. ఆపరేటివ్ కెమెరామన్ ఆయన. అంటే లైటింగ్ అదీ పెద్ద కెమెరామన్ చూసుకుంటే, కెమెరాను భుజాన వేసుకుని పరుగెత్తేది ఈయన. ఇరవై ఏళ్లు ఆ పని చేశాక మొదటిసారి ఒక సినిమాకు పూర్తి కెమెరామన్‌గా అవకాశం వచ్చింది. మూడు వారాల్లో ముహూర్తం. దానికి ఒక మీగడ రంగు డ్రెస్ షర్టు కావాలన్నారు.

"నిటారుగా నిలబడండి సార్."

"నిలబడ్డాను కదండీ."

"ఇంకొంచెం. గడ్డం పైకి."

"ఏంటండీ, పాస్‌పోర్ట్ ఫొటోనా?"

నవ్వుతూనే నిలబడ్డారు. కొలతలు పుస్తకంలో రాశాను. రెండు భుజాలూ సమానం.

షర్టు తయారయ్యాక తొడిగి చూస్తే బాగానే ఉంది. మర్నాడు ఆయన దాన్ని కవర్లో పెట్టుకుని తిరిగొచ్చారు. కాలర్ కుడివైపుకు లాగుతోంది. మెడ దగ్గర మొదలైన ఒక మడత కుడి చంకలోకి ఏటవాలుగా దిగుతోంది. కుడి కఫ్ ఎడమదానికంటే కిందికి జారి అరచేతి మీద పడుతోంది.

"నిన్న ఇక్కడ బాగుంది, ఇంటికెళ్లేసరికి ఇలా అయింది. బట్టలో ఏమన్నా మతలబు ఉందా?" అన్నారు.

కొత్త బట్ట సర్దుకోవాలి సార్ అని ఏదో చెప్పాను గానీ నాకే నమ్మకం కలగలేదు. మళ్లీ కొలిచాను. అంకెలు అవే. రెండో షర్టు కుట్టించి ఇచ్చాను. నాలుగో రోజున అదీ తిరిగొచ్చింది. అదే మడత, అదే కఫ్.

"మద్రాసులో ఇరవై ఏళ్లు ఒకే టైలరు దగ్గర కుట్టించానండీ. ఆయన కబుర్లు చెబుతూ కొలిచేవాడు, ఒక్కసారి కూడా తప్పు పోలేదు. మీరేమో పోలీసు పరేడ్ చేయిస్తారు. నా కొలతలు ఇంకెవరివాటితోనో కలిసిపోలేదు కదా, ఓసారి చూసుకోండి."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. మొదట ఆయన్నే అనుమానించాను. ముహూర్తం కంగారులో లేని తప్పులు వెతుకుతున్నాడేమో, ఇంట్లో ఉతికి పాడు చేసి నా మీద పెడుతున్నాడేమో అనుకున్నాను. కానీ మడత కళ్ల ముందు కనబడుతోంది. కొలతలు రెండుసార్లు నా చేత్తో తీసినవి, పుస్తకం చెప్పినట్టు తీసినవి. వాటిలో తప్పుండదు. కుట్టు శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది కటింగ్. కటింగ్ గౌస్ మాస్టరుది.

డిటెక్టివ్ నవలలు చదివిన బుద్ధి ఊరుకోదు. ఆ రోజు నుంచి ఆయన్ని గమనించడం మొదలుపెట్టాను. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చెయ్యి బాగా దూరం పెట్టి చూస్తున్నారు. సుద్ద గీత గీసి, కత్తెర పెట్టే ముందు రెండుసార్లు కళ్లు నులుముకున్నారు. ఉర్దూ పేపరు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదువుతున్నారు. గ్రంథాలయంలో కంటి జబ్బుల పుస్తకం తీసి శుక్లాల అధ్యాయం చదివాను. ప్రతి లక్షణమూ మాస్టర్‌లో కనబడింది. పుస్తకం మూసి ఇంటికి నడుస్తుంటే, ఎదురొచ్చిన వాళ్లందరి కళ్లలోనూ శుక్లాలే కనబడ్డాయి. ఆ సంగతి అప్పుడు నాకు ఆలోచించదగ్గదిగా తోచలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అడిగాను.

"మాస్టర్, కళ్లు ఎలా ఉంటున్నాయి?"

ఆయన కత్తెర ఆపకుండానే అన్నారు. "మంచిగనే ఉన్నయి సాబ్. మీ మీసంల ఒక తెల్ల ఎంట్రుక గుడ కనబడ్తుంది."

మిషన్ల మీద ఉన్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అమీర్‌పేటలో డిప్లొమా చేసిన ఒక కటింగ్ మాస్టర్ పని కోసం చూస్తున్నాడని తెలిసి, వెళ్లి అతనితో మాట్లాడాను. ఒకటో తారీకుకు రాగలవా అని అడిగితే వస్తానన్నాడు. గౌస్ మాస్టర్‌ను పంపించడానికి నాకు ఇక కావలసింది ఒక్క రుజువు. యాభై ఎనిమిదేళ్ల కటింగ్ మాస్టర్‌ను కళ్లు పోయాయని పంపేస్తే, మళ్లీ ఏ దుకాణమూ ఆయన చేతికి కత్తెర ఇవ్వదు. అది నాకు తెలుసు. తెలిసే వెతికాను.

మూడో షర్టుకు మాస్టర్ బట్ట కోసి పెట్టి, నమాజుకు మసీదుకు వెళ్లారు. నేను పరదా దాటి లోపలికి వెళ్లాను. షర్టు బట్టను రెండు మడతలుగా వేసి, ఎడమా కుడీ ఒకేసారి కోస్తారు. కాబట్టి రెండు ముందు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చంగా సరిపోవాలి. పెట్టి చూశాను. కుడి ముక్క భుజం దగ్గర అరంగుళం కిందికి ఉంది. యోక్, అంటే భుజాల మీద అడ్డంగా వచ్చే పట్టీ, దానిదీ అంతే. కుడి చివర అరంగుళం దిగింది.

నాకు బాధ కలగాల్సింది. సంతోషం కలిగింది. అనుమానం నిజమైనప్పుడు వచ్చే సంతోషం అది.

ఆయన తిరిగి రాగానే ముక్కలు బల్ల మీద పరిచి చూపించాను.

"ఇదేంటి మాస్టర్?"

"అది ప్రభాకర్ సాబ్‌ది."

"ఎవరిదో తెలుసు. రెండు పక్కలూ సమానంగా లేవేం?"

"ఆయన భుజం గట్లనే ఉంది సాబ్. కుడిది జర దిగి ఉంటది. మొన్న షర్టు వాపస్ ఇచ్చి పోతుంటె పరదాల నుంచి చూసిన."

"నేను రెండుసార్లు టేపు పెట్టి కొలిచాను. మీరు పరదా సందులోంచి చూసి అరంగుళం పట్టేశారా?"

కొలతల పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. ఎడమ, కుడి, రెండూ ఒకటే అంకె. ఆయన ఆ పేజీ వంక చూడలేదు. నా మొహం వంక చూశారు.

"నా కళ్ల మీదేనా సాబ్ మీ డౌటు?"

నేను కొలతల పేజీ మీద వేలు పెట్టి చూపించాను. ఆయన కత్తెరను గుడ్డతో తుడిచి, బల్ల మీద కాకుండా సంచిలో పెట్టుకున్నారు. ఆ కత్తెర ఆయన సొంతం.

"మీ బుక్‌ల ఉన్నట్టు మీరే కొయ్యున్రి," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. మర్నాడు రాలేదు.

ఆయన కోసిన ముక్కల్ని చుట్టి సొరుగులో పడేసి, కొత్త బట్ట తీసుకుని నా కత్తెరతో నేనే కోశాను. పుస్తకంలో ఉన్నది నూలుపోగు తేడా లేకుండా కోశాను. మిషన్ మీద పక్కనే నిలబడి కుట్టించాను. ముహూర్తం ఇంకా మూడు రోజులుంది.

ప్రభాకర్ గారు వచ్చి తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. షర్టు అచ్చు గుద్దినట్టుంది. నా గుండె కుదుటపడింది.

"ఇది వేరే మనిషి కోశాడా?" అన్నారు.

"నేనే కోశాను సార్."

"బాగుందండీ." అంటూ సంచీ తీసుకోవడానికి వంగి, లేచి, గుమ్మం వైపు నాలుగడుగులు వేశారు. కాలర్ కుడికి తిరిగింది. మడత మెడ నుంచి చంకలోకి పడింది. కఫ్ జారింది.

ఆ నాలుగడుగుల్లో నేను మొదటిసారి ఆ మనిషిని చూశాను. ఇరవై ఏళ్లు కెమెరా మోసిన కుడి భుజం ఎడమదానికంటే కిందికి వాలి ఉంది. అద్దం ముందు నిటారుగా నిలబడమంటే ఆయన దాన్ని పైకి ఎత్తి పట్టుకుంటున్నారు. నేను రెండుసార్లూ కొలిచింది ఆయన్ని కాదు, నా మాట విని ఊపిరి బిగబట్టి నిలబడిన ఇంకో మనిషిని.

"సార్, ఒక్క నిమిషం. మీ కుడి భుజం..."

ఆయన ఆగి కొంచెం ఇబ్బందిగా నవ్వారు. "అది అంతేనండీ. మీరు నిటారుగా అంటారు కదా, మంచి షర్టు కావాలంటే అలా నిలబడాలి కాబోసనుకున్నాను."

షర్టు రేపు మధ్యాహ్నానికి సిద్ధంగా ఉంటుంది సార్ అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మడానికి కారణమూ లేదు. సొరుగులోంచి గౌస్ మాస్టర్ కోసిన ముక్కలు తీసి కుట్టించాను. మర్నాడు ప్రభాకర్ గారిని అద్దం వైపు తిప్పలేదు, బయటికి పోయి రోడ్డు మీద కాసేపు నడిచి రమ్మన్నాను. వెళ్లారు, మలుపు దగ్గరి బండరాయి దాకా నడిచారు, తిరిగొచ్చారు. షర్టు మీద ఒక్క మడత లేదు.

ఆ సాయంత్రమే టోలిచౌకి వెళ్లాను. మాస్టర్ ఇంటి ముందు గదిలో కూర్చుని ఉన్నారు. నేను చేసిన తప్పంతా చెప్పాను. శుక్లాల పుస్తకం సంగతి కూడా చెప్పాను. ఆయన చాయ్ తెప్పించారు.

"అమీర్‌పేటల డిప్లొమా చేసిన ఆ కటింగ్ మాస్టర్ మా గల్లీలనే ఉంటడు సాబ్," అన్నారు నెమ్మదిగా. "మీరు మాట్లాడిన దినమే వచ్చిండు. చాచా, నువ్వు పని ఇడుస్తున్నవా అని అడిగిండు."

అంటే మూడో షర్టు కోసేనాటికే ఆయనకు అంతా తెలుసు.

"తెలిసి కూడా అంత శ్రద్ధగా ఎలా కోశారు మాస్టర్?"

"షర్టు ఏం జేసింది సాబ్?"

నేనే మళ్లీ అన్నాను. "నాకు ముందే ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండాల్సింది."

"చెప్పిన. మీరు బుక్ తెరిచిన్రు."

తిరిగి రమ్మని బతిమాలాను. కొలతలు, కటింగ్, అన్నీ మీ ఇష్టమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"కోపం లేదు సాబ్, ఫికర్ చెయ్యకున్రి. గని ఇగ నేను కత్తెర వట్టినప్పుడల్లా నా ఎనక మీరు టేపు పట్టుకోని నిలబడ్డట్టే ఉంటది. గట్లయితే చెయ్యి ఆడదు. ఈడ మా తమ్ముని టైలర్ దుకాణం ఉంది, ఆడ కూసుంట."

ముహూర్తం అయిన వారానికి ప్రభాకర్ గారు మళ్లీ వచ్చారు. ఇంకో నాలుగు షర్టులు కుట్టించాలన్నారు. "ఆ చివరి షర్టు కోసింది మీరేనా? ఆ చెయ్యే కావాలి నాకు," అన్నారు. అవునంటే అడిగేవారు లేరు. డిప్లొమా మాస్టర్ అప్పటికే చేరాడు, మంచి పనివాడు, భుజం అరంగుళం దించమంటే దించగలడు. ఒక కాగితం తీసుకుని టోలిచౌకి అడ్రసు రాసి ఆయన చేతిలో పెట్టాను. ఆ తర్వాత ఆయన నా దుకాణానికి రాలేదు.

గ్రంథాలయానికి వెళ్లడం నేను మానలేదు. ఆ కటింగ్ పుస్తకం మీద నాకిప్పటికీ గౌరవమే. కాకపోతే కొలత తీసే ముందు ఎవరినీ నిటారుగా నిలబడమనను. గుమ్మం దాకా నడిపించి, వాళ్లు నన్ను మరిచిపోయి నడిచేటప్పుడు చూస్తాను. పనిలో ఎక్కడైనా తప్పు కనబడితే, పరదా అవతలి మనిషిని తలుచుకునే ముందు, ఆ పనిలో నేను ముట్టుకున్నది ఏమిటో ఒకసారి లెక్కేసుకుంటాను. ఈ రెండూ ఆ షర్టు నేర్పినవే. నేర్చుకునేసరికి నా కటింగ్ బల్ల దగ్గర గౌస్ మాస్టర్ లేరు.