కోరుట్లకిచ్చిన పెద్దబిడ్డ వాళ్ల బాపు

మొన్న కోరుట్ల బస్సులో మా మేనకోడలు ఫోన్ చూస్తూ, ప్రపంచంలోని పొడుగాటి సర్వనామాల గురించి చదివి వినిపించింది. రుమేనియా వాళ్లు మర్యాదగా 'మీరు' అనాలంటే 'దుమ్నియవోస్త్ర' అనాలట. "గంత పొడుగా మామా? గది అనేసరికి ఛాయ్ సల్లగైతది" అని నవ్వింది. నాకు మాత్రం రుమేనియా మీద జాలి వేసింది. ఆ దేశం మా బాపమ్మను, అంటే మా బాపును కన్న తల్లిని, ఎన్నడూ వినలేదు.

బాపమ్మ తాత పేరు పలికేది కాదు. ఆ కాలపు ఆడవాళ్లెవరూ పలికేవాళ్లు కాదు గాని, 'ఆయన'తో సరిపెట్టుకునేవాళ్లు. ఈమెకు అది ఆనలేదు. "ఆయన అంటే బజార్ల పోయే ప్రతోడు ఆయననే" అనేది. అందుకని తాత ఎప్పుడూ 'గా కోరుట్లకిచ్చిన మా పెద్దబిడ్డ వాళ్ల బాపు'. అన్నం తిన్నాడా అని అడగాలన్నా అంతా, ఎండలో తిరుగుతున్నాడని తిట్టాలన్నా అంతా. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటాం. మా వాడంతా వాటి చప్పుడే. ఆ చప్పుడు మీదుగా ఆమె మాట పడుగులా సాగి సాగి, మా గడపలో మొదలైతే వేములవాడ దాటాక గాని ముగిసేది కాదు. అది చివరికొచ్చేలోపు తాత తిని, చేయి కడుక్కొని, ఒక కునుకు కూడా తీసేవాడు.

తాతకు మతిమరుపు ముదిరిన ఏడాది, కోరుట్ల అత్తకు ఒకసారి చూపిద్దామని ముగ్గురం బయలుదేరాం. జగిత్యాలలో బస్సు మారాలి. నేను కిటికీలోంచి సీట్ల మీద రుమాలు వేసి వచ్చేసరికి బాపమ్మ మూట దగ్గర ఒక్కతే ఉంది. "మూట ముడేసి తలెత్తిన. లేడు" అంది. ఆ పొడుగు మాట లేకుండా ఆమె తాత గురించి మాట్లాడటం అదే మొదలు. తాత ఏ ఊరి బస్సెక్కినా, ఎక్కడ దిగాలో చెప్పలేని స్థితిలో ఉన్నాడు. మైకు గదికి పరుగెత్తి పేరు చెప్పాను. అక్కడి మనిషి నిజామాబాద్ దాకా వినబడేలా ఆ పేరు మళ్లీ మళ్లీ పిలిచాడు. ఎవరూ రాలేదు.

నా వెనకే వచ్చిన బాపమ్మ మైకు లాక్కుంది. "గా కోరుట్లకిచ్చిన మా పెద్దబిడ్డ వాళ్ల బాపు యాడున్నా గీడికి రావాలె. బస్సు పోతది."

బస్టాండంతా కదిలింది. కోరుట్లకు పెద్దబిడ్డనిచ్చిన ముసలివాళ్లందరూ లేచి వచ్చారు. జిల్లాలో సగం మంది కోరుట్లతో వియ్యమందారని ఆ రోజే తెలిసింది. "మా ముసల్ది ఇంటికాడుండె గద, గీడికెట్లచ్చింది" అని ఒకాయన కంగారు పడ్డాడు. వాళ్ల వెనక, కలలో నడిచినట్టు, మా తాత.

ఇంతసేపు పేరు పెట్టి పిలుస్తుంటే వినబడలేదా అని అడిగాను.

"ఇనచ్చింది కొడుకా. గా పేరుగలాయన ఎవరోగని ఎంత పిలిచినా వస్తలేడు. పాపం, గాయిన కోసమే నేను గూడ చూస్తున్న."

బాపమ్మ తన కొంగు కొసను తాత కండువాకు ముడేసి బస్సెక్కించింది.

ఇద్దరూ పోయి ఏళ్లయింది. కోరుట్ల బస్సెక్కినప్పుడల్లా ఆ మాటను మొదటి నుంచి చివరి దాకా, తొందరపడకుండా లోపల అనుకుంటాను. అది పూర్తయ్యేదాకా కాలం కూడా, ఎవరో ఇంకా ఎక్కాల్సి ఉందన్నట్టు, కదలకుండా ఆగుతుంది.